సురవరము ప్రతాపరెడ్డిగారు – గ్రంథసాక్ష్యము

కృష్ణా తుంగభద్రా నదుల నడుమనున్న సీమను ప్రజలు నడిగడ్డ యని పిలుతురు. గద్వాల, అలంపురము, మల్దకల్, అయిజ మొదలగు ఊళ్లు ఈ సీమలోనివి. అలంపురమున నవబ్రహ్మాలయములు బాదామి చాళుక్యుల నాటి శిల్పమునకు నిదర్శనములై నిలిచియున్నవి. మల్దకల్ తిమ్మప్ప జాతరకు ఏటేట చుట్టుప్రక్కల గ్రామముల ప్రజలు బండ్లు కట్టుకొని పోవుట తరతరముల ఆచారము. గద్వాల సంస్థానము కవిపండితుల నాదరించి విద్వద్గద్వాల యని ఖ్యాతి గాంచెను. ఇంతటి సంస్కారము గల సీమలో సామాన్య జనులకు చదువు మాత్రము చిరకాలము అందని ద్రాక్షపండుగనే యుండెను. కవిత్వము ఆస్థానములందును, గ్రంథములు తాటాకుల కట్టలందును దాగియుండెను. ఆ కట్టలను విప్పి లోకమునకు చూపింపవలెనని జీవితమంతయు శ్రమించిన మహనీయుడు ఈ సీమయందే జన్మించుట యొక విశేషము. ఆయనయే సురవరము ప్రతాపరెడ్డిగారు.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28వ తేదీన బోరవెల్లి గ్రామమున జన్మించిరి. వారి స్వగ్రామము ఇటిక్యాలపాడు. ఈ రెండు గ్రామములును నేడు జోగులాంబ గద్వాల జిల్లాలో చేరియున్నవి. తండ్రి నారాయణరెడ్డి, తల్లి రంగమ్మ. ఆ కాలమున తుంగభద్ర కేవలము నది కాదు, రెండు ప్రభుత్వములకు సరిహద్దు. ఉత్తరపు టొడ్డున నిజాము రాజ్యము, దక్షిణపు టొడ్డున ఆంగ్లేయుల యేలుబడిలోని కర్నూలు. ఈ యొడ్డున తెలుగు బడి అరుదు, ఆ యొడ్డున తెలుగు బడి సహజము. బాలుడైన ప్రతాపరెడ్డి చదువుకొరకు నది దాటి కర్నూలు చేరెను. అచ్చట వెల్లాల శంకరశాస్త్రిగారి సన్నిధిని సంస్కృత సాహిత్యమును అభ్యసించెను. పిమ్మట హైదరాబాదునందు నిజాము కళాశాలలోను, మదరాసునందును ఉన్నత విద్య ముగించి బి.ఏ., బి.ఎల్. పట్టములను పొందిరి. సంస్కృతాంధ్రములకు తోడు ఆంగ్లము, ఉర్దూ, పారసీ, హిందీ భాషలందును వారికి పరిచయము కలిగెను. ఇన్ని భాషలు నేర్చినను వారి మనస్సు తెలుగును వీడలేదు.

మదరాసు నివాసము ప్రతాపరెడ్డిగారి జీవితమున ఒక మలుపు. ఆనాడు తెలుగు ముద్రణకు మదరాసు పట్టుగొమ్మ. 1854లో స్థాపితమైన వావిళ్లవారి ముద్రాలయము భారతమును, భాగవతమును, ప్రబంధములను చౌకవెలకు ఇంటింటికి చేర్చుచుండెను. ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునందు వేలకొలది తాళపత్రములు భద్రమై పండితుల పరిశోధనకు అందుబాటులో నుండెను. స్వగ్రామ సీమలో ఇందుకు భిన్నమైన స్థితి. తాళపత్ర గ్రంథమనగా సామాన్యముగ ఒక యింటిలోని ఒకే ప్రతి. దానికి నూనె పట్టించి, చెదలనుండి కాపాడి, శిథిలమగుటకు పూర్వమే మరియొక ప్రతి వ్రాయించినగాని ఆ గ్రంథము బ్రతుకదు. ఆ యింట ఒక తరమువారు ఉపేక్షించిరేని వందల యేండ్ల విద్య ఒక్క వానకాలములో మన్నగును. కృష్ణానది పుష్కరాలలో తాటాకు కట్టలను పుణ్యమని నీటిలో విడిచిన కుటుంబములు తెలుగునాట లేకపోలేదు. ముద్రణాలయమును, గ్రంథాలయమును లేని దేశమున కవి మరణించిన వెనుక కవిత్వమును మరణించునని గ్రహించుటకు ప్రతాపరెడ్డిగారికి ఎక్కువ కాలము పట్టలేదు.

వారు న్యాయవాద పట్టమును చేతబట్టి హైదరాబాదు చేరునాటికి అచ్చటి పరిస్థితి విచిత్రముగ నుండెను. రాజ్యములో తెలుగువారి సంఖ్య హెచ్చు, రాజభాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాషయు ఉర్దూయే. 1921 నవంబరులో హైదరాబాదునందు జరిగిన ఒక సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా సభికులు కొందరు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే నిజాము రాష్ట్ర ఆంధ్ర జనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు దానికి ప్రాణము పోసిరి. అంతకు ముందే గ్రంథాలయోద్యమము చిరుదీపమువలె వెలుగుచుండెను. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగార్ల పూనికతో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టి చరిత్రలను, శాస్త్రములను తెలుగున ప్రకటింపసాగెను. బహిరంగ సభ జరుపుటకును ముందుగా ప్రభుత్వపు టనుమతి పొందవలసిన ఆ దినములలో గ్రంథాలయము పుస్తకములు చదువుకొను గది మాత్రమే కాదు. అది తెలుగువారు తెలుగువారుగా కూర్చుండదగిన తావు.

ఈ వాతావరణమున ప్రతాపరెడ్డిగారు న్యాయవాద వృత్తిని విడిచి ప్రజాసేవకు పూనుకొనిరి. వారి సామర్థ్యమును గుర్తించినవారు ఆనాటి నగర కొత్వాలు రాజాబహదూర్ వెంకటరామారెడ్డిగారు. వెంకటరామారెడ్డిగారు సైతము వనపర్తి సీమలో పుట్టినవారే. 1918లో నెలకొన్న రెడ్డి హాస్టలు బాధ్యతను వారు ప్రతాపరెడ్డిగారికి అప్పగించిరి. పల్లెలనుండి వచ్చిన విద్యార్థులకు తిండి, బస కల్పించినంతనే వసతిగృహపు పని ముగిసినదని తలచువారు పెక్కురు. ప్రతాపరెడ్డిగారు అట్లు తలపలేదు. వారు కార్యదర్శిగా ఉన్న కాలమున హాస్టలులో ఒక చక్కని గ్రంథాలయమును పెంపొందించిరి. ఇంటిలో పుస్తకమన్నది చూచి యెరుగని బాలుడు తనంత తాను అలమార తెరచి, తనకిష్టమైన గ్రంథమును తీసికొని చదువగలుగుట ఆ కాలమున చిన్న సంగతి కాదు. పాఠ్యపుస్తకము గురువు చూపిన త్రోవ. గ్రంథాలయము విద్యార్థి తానుగ వెదకికొను త్రోవ. ఈ రెండవ త్రోవను తెరచుట వారి తొలి విజయము.

1926 మే 10వ తేదీన గోలకొండ పత్రిక వెలువడెను. అంతకు నాలుగేండ్లకు పూర్వము, 1922లో, నల్లగొండనుండి షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారి నీలగిరి పత్రికయు, ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరుల తెనుగు పత్రికయు వెలువడియుండెను. రాజధానియందే వారమునకు రెండుమారులు వెలువడుచు గోలకొండ పత్రిక తెలంగాణపు గొంతుకయయ్యెను. దీని బరువంతయు ప్రతాపరెడ్డిగారి భుజములపై నుండెను. సంపాదకీయము వ్రాయుట మొదలు అచ్చుప్రతులు దిద్దుటవరకు వారు చేయని పని లేదు. ప్రభుత్వమునకు కంటగింపగు సంగతులను వ్రాసి మెప్పించుట కత్తిమీది సాము. ఉపేక్షించిన ప్రజలు మోసపోదురు, హద్దు మీరిన పత్రిక మూతపడును. ఈ రెంటి నడుమ వారు నిగ్రహముతో కలము నడిపిరి. ఊరి పటేలు పట్వారీల దౌర్జన్యములు, వెట్టిచాకిరి, బడుల కొరత, గ్రంథాలయములకు కలుగు నాటంకములు ఆ పత్రికలో చర్చకు వచ్చెను. అంతేకాదు, ఎన్నడును అచ్చులో తమ పేరు చూచుకొనని పల్లెటూరి కవులు, పండితులు తమ రచనలను పంపుటకు ఆ పత్రిక ఒక చిరునామా అయ్యెను.

1930 మార్చిలో జోగిపేటయందు జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు ప్రతాపరెడ్డిగారు అధ్యక్షత వహించిరి. అదే సందర్భమున నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభయు జరిగెను. తెలుగునకు బడులలో స్థానము, స్త్రీవిద్య, గ్రంథాలయముల వ్యాప్తి ఆనాటి పెద్దల మనస్సులను కలచుచున్న ప్రశ్నలు. గ్రంథాలయోద్యమమునకును ప్రతాపరెడ్డిగారు తోడునీడగ నిలచి, ఆ మహాసభలకు అధ్యక్షులై, గ్రంథాలయముల నావశ్యకతను గూర్చి విరివిగ వ్రాసిరి. హైదరాబాదు రాష్ట్రమున పౌర గ్రంథాలయముల చట్టము 1955లో వచ్చెను. ఆంధ్రప్రదేశమున 1960లో సమగ్రమైన చట్టమేర్పడి, ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయపు సెస్సు వసూలగు పద్ధతి నెలకొనెను. ఈ చట్టములను చూచుటకు ప్రతాపరెడ్డిగారు జీవించి లేరు. కాని ప్రజలు చందాలు వేసికొని, అరుగులమీదను, గుడి మండపములలోను పుస్తకములు పేర్చి నడిపిన ఆ నాటి ఉద్యమము లేనిదే ఈ చట్టములకు పునాది లేదు.

ఈ కాలముననే ప్రతాపరెడ్డిగారి పేరును తెలుగు సాహిత్యమున శాశ్వతము చేసిన యొక సంఘటన జరిగెను. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేనేలేరను నర్థము వచ్చునట్లు ఒక రచయిత వ్రాసెను. ఆ మాట తెలంగాణము వారి మనస్సులను గాయపరచెను. ఇట్టి యెడల సామాన్యముగ జరుగునది వాగ్వాదము. ఒకరు తిట్టుదురు, వేరొకరు ప్రతితిట్టుదురు, కొంతకాలమునకు ఇరువురును మరతురు. ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగక సాక్ష్యమును సేకరింప నారంభించిరి. తమ పత్రికద్వారా జిల్లాజిల్లాల కవులను అభ్యర్థించిరి. కవులు తమ పద్యములను, తమ వివరములను పంపిరి. పూర్వకవుల సంగతులను తెలిసినవారు వానిని వ్రాసి పంపిరి. సంస్థానముల నాశ్రయించిన పండితులు, పల్లెలలో అజ్ఞాతముగ నున్న ఉపాధ్యాయులు, పురోహితులు, కరణములు ఆ పిలుపు నందుకొనిరి. ఫలితముగ 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడెను. అందు 354 మంది కవులకు స్థానము లభించెను.

ఆ సంచిక సాధించిన విజయము ఎట్టిదో విద్యార్థులు నిదానముగ ఆలోచింపవలెను. అందలి పద్యములన్నియు మహాకావ్యములు కావు. ఉత్తమములతోపాటు సామాన్యములును కలవు. సంపాదకుని యుద్దేశము రత్నములనేరుట మాత్రమే కాదు, ఉన్నదానిని ఉన్నట్లు నిలుపుట. కవులు లేరను మాట నోటిమాట. దానికి నోటిమాటతో బదులిచ్చిన గాలిలో కలిసిపోయెడిది. అచ్చుపడిన గ్రంథము అట్లు కాదు. దానికొక సంవత్సరమున్నది, ఒక వరుసయున్నది. ఒక్కసారి అచ్చయిన వెనుక దానిలోని మాట మారదు. వందల ప్రతులు వందల తావులకు చేరును గనుక ఒకచోట నశించినను మరియొకచోట మిగులును. తాళపత్రమునకు లేని బలము ముద్రితగ్రంథమునకు ఇచ్చటనే కలదు. ఆ ప్రతులను దాచి, అడిగినవారి కందించు గ్రంథాలయము లేకున్న ఆ బలమును కుంటుపడును. ముద్రణము విత్తనము వంటిది, గ్రంథాలయము పొలము వంటిది. ఒకటి లేక రెండవది ఫలింపదు.

ప్రతాపరెడ్డిగారు బహుగ్రంథకర్తలు. హిందువుల పండుగలు, రామాయణ విశేషములు, మొగలాయి కథలు మొదలగునవి వారి విస్తృత పఠనమునకు సాక్ష్యములు. వారి రచనలకెల్ల తలమానికము 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. అంతవరకు చరిత్రయనగా రాజుల వంశావళి, యుద్ధముల పట్టిక. ఏ రాజు ఏ సంవత్సరమున ఏ కోటను పట్టెనో తెలియును గాని, ఆనాటి రైతు ఏమి తినెనో, ఆనాటి పిల్లలు ఏ యాటలాడిరో, సంతలో ఏ వస్తువు లమ్ముడుపోయెనో తెలియదు. శాసనములలో ఈ సంగతులు అరుదు. అందుచే ప్రతాపరెడ్డిగారు కావ్యములను ఆశ్రయించిరి. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో ఆనాటి ఆటపాటలు, వాద్యములు దొరకెను. క్రీడాభిరామమున ఓరుగల్లు వీథులు, పూటకూటి యిండ్లు, వేడుకలు కన్నులకు కట్టెను. ఆముక్తమాల్యదలో వానకారు నాటి పల్లె జీవనము కానవచ్చెను. కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, కదిరీపతి శుకసప్తతి, అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి మొదలగు కథాకావ్యములు వృత్తులకును, వస్త్రములకును, వంటకములకును గనులయ్యెను. శృంగారమునకై చదువుదురని పండితులు చిన్నచూపు చూచిన కావ్యములనుండియే వారు సామాన్యుని చరిత్రను వెలికిదీసిరి. తూర్పు చాళుక్యుల కాలము మొదలుకొని 1907 వరకు తెలుగువారి బ్రదుకును ఆ గ్రంథము చిత్రించినది.

ఈ కృషిలో వారికెదురైన చిక్కులలో నొకటి ఉపాధ్యాయులు ప్రత్యేకముగ గమనింపదగినది. పాతకావ్యములలోని ఒక యాట పేరో, చెట్టు పేరో, పక్షి పేరో అర్థముగాక నిఘంటువును తెరచినచో, అందు క్రీడావిశేషమనియో, వృక్షవిశేషమనియో, పక్షివిశేషమనియో మాత్రమే యుండెడిది. అది ఆటయని చదువరికి ముందే తెలియును. ఏ యాటయో తెలియుటకే గదా నిఘంటువును తెరచినది! ఈ లోపమును ప్రతాపరెడ్డిగారు తీవ్రముగ విమర్శించిరి. విమర్శించి యూరకుండక, పల్లెలలోని వృద్ధులను, వృత్తులవారిని అడిగి, నాడు కావ్యములలో నిలిచిన మాటను నేడు వాడుకలో నున్న మాటతో పోల్చి అర్థమును సాధింప యత్నించిరి. గ్రంథమును జనవాక్యముతోను, జనవాక్యమును గ్రంథముతోను సరిచూచుట వారి పద్ధతి. ఒకదానినే నమ్మినవారు కారు. ఇది పరిశోధకులకు నేటికిని ఆదర్శము.

1951లో ప్రతాపరెడ్డిగారు ప్రజావాణి యను పత్రికను స్థాపించిరి. 1952 ఎన్నికలలో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25వ తేదీన పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు 57 సంవత్సరములు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన తొలి పురస్కారము ఆంధ్రుల సాంఘిక చరిత్రకు లభించెను. దానిని స్వయముగ అందుకొను భాగ్యము గ్రంథకర్తకు కలుగలేదు. హైదరాబాదునందలి తెలుగు విశ్వవిద్యాలయమునకు 2025లో తెలంగాణ శాసనసభ చేసిన చట్టముద్వారా వారి పేరు పెట్టబడినది. నది దాటి తెలుగు చదువుకొనవలసి వచ్చిన బాలుని పేరు తెలుగు విశ్వవిద్యాలయమునకు నిలుచుట కాలము చేసిన న్యాయము.

ఇప్పుడొక ప్రశ్న సహజముగ పుట్టును. పుస్తకములు చేతిలోని మొబైలులో నిమిషములో దొరకు ఈ కాలమున అచ్చు గ్రంథములకును, గ్రంథాలయములకును ఇక పనియేమి? ఈ ప్రశ్నను కోపముతో త్రోసివేయరాదు. మన దేశపు చట్టము ప్రకారము రచయిత మరణించిన 60 సంవత్సరములకు కాపీహక్కు ముగియును గనుక, ప్రతాపరెడ్డిగారి రచనలు 2014 జనవరి 1నుండి అందరి సొత్తయినవి. మల్దకల్లులోని ఒక విద్యార్థిని హైదరాబాదునకు పోకయే, ఒక్క రూపాయి వెచ్చింపకయే ఆంధ్రుల సాంఘిక చరిత్రను తెరమీద చదువగలదు. పల్లెకు పుస్తకము చేరుటకై శ్రమించిన ప్రతాపరెడ్డిగారు దీనిని చూచియుండినచో మిక్కిలి సంతోషించియుండెడివారనుటలో సందేహము లేదు. పరికరమును చూచి బెదరువారు వారు కారు. పత్రిక, ముద్రాయంత్రము వారి కాలపు నూతన పరికరములే.

అయితే ఆ తెరమీది పుట ఎచ్చటనుండి వచ్చెనో విచారింపవలెను. భారత డిజిటల్ గ్రంథాలయమను ప్రభుత్వ పథకము క్రింద తెలుగు గ్రంథములను వేలకొలదిగ స్కాన్ చేసిరి. ఆ పుటలను తెరచిన ప్రతివాడును వానిపై ఏదో ఒక గ్రంథాలయపు ముద్రను, పుస్తకపు సంఖ్యను చూడగలడు. ఎవరో ఒక గ్రంథపాలకుడు ఆ ప్రతిని పురుగునుండి, వాననుండి, తూకమునకు అమ్మువారినుండి కాపాడినందుననే అది నేడు తెరకెక్కినది. ఏ గ్రంథాలయమును దాచని గ్రంథము ఏ తెరమీదను లేదు. మరియు ఆ పథకపు వెబ్‌సైటు కొంతకాలమునకు మూతపడెను. వేరొక సంస్థయైన ఇంటర్నెట్ ఆర్కైవ్ ఆ ప్రతులను ముందుగనే చేర్చుకొనియుండుటచే పెక్కు గ్రంథములు దక్కినవి. ఒకే ప్రతిని నమ్ముకొన్న తాళపత్రపు కథయే ఇచ్చట మరియొక రూపమున ఎదురైనది. ఎన్ని తావుల నిలిచిన అన్నినాళ్లు బ్రతుకునను సూత్రము తాటాకునకును, కాగితమునకును, యంత్రమునకును సమానమే.

కాగితమును అమరము కాదు. చౌకరకపు పత్రికా కాగితమున నుండు ఆమ్లము వలన అది పసుపువన్నె తిరిగి, ఏబది అరువది యేండ్లకే పెళుసై, మడత పెట్టిన చోట విరుగును. పాత పత్రికల సంపుటములను తాకుటయే కష్టము. అట్టివానిని స్కాన్ చేయుట వానిని రక్షించుట. కనుక అచ్చునకును అంతర్జాలమునకును వైరము లేదు. ఒకటి మరియొకదానికి ప్రాణవాయువు. వైరము గ్రంథమునకును ఉపేక్షకును మాత్రమే. వెదకుటలోను ఇట్టి భేదమే కలదు. యంత్రము అడిగినదానిని తెచ్చి యిచ్చును. అడుగుటకు తెలియనిదానిని అలమార చూపించును. ప్రక్కప్రక్కన పేర్చిన గ్రంథములలో ఒకదానికై చేయి చాచి మరియొకదానిని తీయుట గ్రంథాలయములో విద్యార్థికి కలుగు భాగ్యము. ఎవడును వ్రాయని సంగతిని యంత్రమడిగిన, అదియును పాత నిఘంటువువలె క్రీడావిశేషమని చెప్పి ఊరకుండును.

ఇందుచే నేటి ఉపాధ్యాయులకు ప్రతాపరెడ్డిగారి జీవితము జయంతినాడు పూలమాల వేయుటతో తీరు ఋణము కాదు. ప్రతి పాఠశాలలోను పుస్తకముల అలమార కలదు. దాని తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో, అది ఎన్నినాళ్లకొకసారి తెరవబడుచున్నదో ఎవరికి వారు చూచుకొనవలెను. నడిగడ్డలో నేటికిని పాతయిండ్ల అటకలమీద వ్రాతప్రతులుండును. వృద్ధుల నోట భజన కీర్తనలు, జాతర పాటలు, ఆటల పేర్లు ఉండును. విద్యార్థులచేత వానిని వ్రాయించి, ఫొటోలు తీయించి, ఒక ప్రతిని అంతర్జాలమునకును, ఒక ప్రతిని జిల్లా గ్రంథాలయమునకును, ఒక ప్రతిని పాఠశాల అలమారకును చేర్చిన యెడల అది మరియొక కవుల సంచికకు నాంది యగును. లేరన్నవారికి బదులిచ్చుటకు ప్రతాపరెడ్డిగారికి తపాలా బిళ్ల, ముద్రాయంత్రము చాలినవి. వారికంటె మనకు సాధనములు హెచ్చు. కావలసినది వారి పట్టుదల మాత్రమే.